ఒక్క గిటారు, మూడు గొంతులు

జోసెఫ్ స్పెన్స్ రికార్డు మొదటిసారి వింటే నవ్వు రావచ్చు. గిటారు హుషారుగా మోగుతుంటుంది. పక్కనే ఒక మగ గొంతు గొణుగుతుంది, గురగురలాడుతుంది, ఒక మాట పలికి నాలుగు మింగేస్తుంది. మనిషి మత్తులో ఉన్నాడా అనిపిస్తుంది. నన్నడిగితే ఆయన విద్యంతా ఆ మింగేసిన మాటల దగ్గరే ఉంది.

స్పెన్స్ 1910లో బహామాస్‌లోని ఆండ్రోస్ దీవిలో పుట్టారు. బతుకుతెరువు తాపీపని, వడ్రంగం. వయసులో ఉండగా స్పంజు పడవల మీద కూడా వెళ్లారు. సముద్రం అడుగున పెరిగే స్పంజుల కోసం వెళ్లిన ఆ పడవలు వారాల తరబడి ఇంటిముఖం పట్టేవి కావు. ఆ మనుషులు పాడుకున్నదే ‘రైమింగ్’. వాయిద్యం ఉండదు. ఒకరు బైబిలు కథో, తుఫానులో మునిగిన పడవ కథో అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. ఇంకొకరు మంద్రంలో వంత పాడుతుంటారు. మూడో గొంతు పైస్థాయిలో తిరుగుతుంది. లయ ఒక్కటే, దారులు మూడు. 1935లో జానపద పాటల సేకర్త అలన్ లోమాక్స్ ఈ పాటల్ని రికార్డు చేశారు. ఆ దశాబ్దం చివర్లో తెగులు సోకి స్పంజులు చచ్చిపోయాయి. పడవల పని పడిపోయింది.

స్పెన్స్ ఆ ముగ్గురి పనినీ గిటారు మీదికి తెచ్చుకున్నారు. అన్నిటికన్నా లావు తీగను ఒక మెట్టు దించి ‘డి’ స్వరానికి శ్రుతి చేసేవారు. దానితో కింద బరువైన ఆధారం దొరుకుతుంది. బొటనవేలు ఊరికే దరువు వేయదు, తనూ ఒక వరస పాడుతుంది. మిగతా వేళ్లు పాట వరసను పట్టుకుని, మధ్యలో దాన్ని విరిచి, కొసరులు వేసి మళ్లీ కలుపుతాయి. తాళం కాలిది. ఇక గొంతుకు మిగిలిన పనల్లా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దూరడమే. వంతపాటగాడికి పాటలో ప్రతి మాటా అక్కర్లేదు కదా!

1958లో అమెరికా సంగీత పరిశోధకుడు శామ్యూల్ చార్టర్స్ ఆండ్రోస్‌లోని ఫ్రెష్ క్రీక్‌కు వెళ్లారు. అక్కడ కొందరు ఇంటి పునాది పని చేస్తుంటే, ఇటుకల కుప్ప మీద కూర్చుని స్పెన్స్ వాయిస్తున్నారు. గోడ వెనక ఇంకో గిటారు ఉందేమోనని చార్టర్స్ వెళ్లి చూశారట. ఎవరూ లేరు. ఆ వాయింపును ఆయన రికార్డు చేశారు. మరుసటి ఏడాది ఫోక్‌వేస్ సంస్థ విడుదల చేసిన ఆ రికార్డు అమెరికా గిటారిస్టుల మతి పోగొట్టింది. గిటారిస్టులు రై కూడర్, తాజ్ మహల్ స్పెన్స్ అభిమానులే. అయినా స్పెన్స్ జీవితం ఏమంత మారలేదు. అమెరికాలో కచేరీలు చేసి వచ్చి కూడా బహామాస్ రాజధాని నస్సావులోనే ఉండి, 1984లో కన్నుమూశారు.

ఆయన వేళ్ల కదలికల్ని రికార్డులు విని రాసుకుని నేర్చుకునేవాళ్లున్నారు. తప్పు లేదు గానీ, ఒక్కో పాటను ఆయన ఒక్కోసారి ఒక్కోలా వాయించారు. ఏ ఒక్కసారి వాయించినదాన్నో పాఠంగా పెట్టుకుంటే అల్లికే పోతుంది. వినడం మొదలుపెట్టేవాళ్లు సోలో రికార్డుల జోలికి ముందే వెళ్లకండి. 1965లో ఆయన పిండర్ కుటుంబంతో కలిసి పాడినవి ముందు వినండి. అందులో ఈడిత్ పిండర్ ఆయన తోబుట్టువు. అక్కడ మనుషులే మూడు దారుల్లో పాడతారు. తరవాత సోలో పెట్టుకుంటే, ఆ గురగుర ఎవరి వంతు పాడుతోందో తెలిసిపోతుంది.