సనస్తో - పదముల పట్టిక

ఫిన్నిష్ భాషలో పదజాలమునకు 'సనస్తో' అని పేరు. 'సన' యనగా మాట. 'స్తో' సమూహమును తెలుపు ప్రత్యయము. 'కిర్య' పుస్తకము, 'కిర్యస్తో' గ్రంథాలయము. 'లైవ' ఓడ, 'లైవస్తో' నౌకాదళము. గ్రంథాలయమన్నప్పుడు వెదకిన పుస్తకము దొరకవలెను గదా! పాఠముల చివర ప్రథమావిభక్తి రూపమును మాత్రమే యిచ్చు పట్టికలు ఈ పేరునకు తగినవి కావు.

'వెసి - నీరు' అని వల్లించిన విద్యార్థికి, 'నీరు త్రాగుచున్నాను' అను వాక్యములో 'వెత్తా' ఎదురగును. 'నీటియొక్క' అనుచోట 'వెదెన్' కనిపించును. పట్టికలో ఈ రెండును ఉండవు. 15 విభక్తులు గల భాషలో ఇది చిన్న లోపము కాదు. తెలుగువారికి ఈ చిక్కు క్రొత్తది కాదు: 'చేయి' అని మాత్రమే నేర్చిన పరభాషీయుడు 'చేతికి' అనినచో తెల్లబోవును. (ఇంతమాత్రమున రెండు భాషలకును చుట్టరికము కలుప పనిలేదు.)

1951-61 మధ్య ఆరు సంపుటములుగా వెలువడిన ఆధునిక ఫిన్నిష్ మహానిఘంటువు, పదములు ఏ తీరున రూపములు మార్చునో అంకెలతో సూచించినది. పండితులకు అది మేలైన పద్ధతియే; మొదటి పాఠము చదువువానికి ఆ అంకెలు మరియొక బరువు. అతనికి 'వెసి, వెదెన్, వెత్తా' అని మూడు రూపములు ప్రక్కప్రక్కన అచ్చువేసిన చాలును. 'వెదెన్' తెలిసినచో, 'నీటిలో' అనుటకు 'వెదెస్సా' తానే కట్టుకొనగలడు.