చీటీల వెనక ప్రశ్నలు

టమాటా కోతలు ముమ్మరమయ్యాయంటే బీపీ మాత్రలు మూలన పడతాయి. పుంగనూరులో క్లినిక్ నడిపే నాకిది ఏటా కనిపించేదే. "కోతల్లో మాత్రలు యాడ గుర్తుంటాయి సార్, అయిపోనీ, మళ్లా మింగుతాలే" అంటుంది ఒకామె, ప్లాస్టిక్ కవరులోంచి నలిగిన చీటీలు ఒక్కొక్కటే తీస్తూ. ఆమె అత్తకు షుగరెప్పుడు బయటపడిందో, పిల్లోడికి ఏ నెలలో ఆయాసం వస్తుందో చీటీ చూడకుండానే చెప్పగలను. ఎందరు మానేస్తున్నారు, తిరిగొచ్చేసరికి బీపీ ఎంతుంటోంది అన్నది మాత్రం రాసుకుని లెక్క తేల్చాల్సిందే. పెద్దాసుపత్రికి ఈ ప్రశ్న తట్టదు. అక్కడికి మనిషి వెళ్లేది పక్షవాతం వచ్చాకే.

ఇలా రాసుకుని లెక్క తేల్చినవాళ్లు లేకపోలేదు. ఇంగ్లండులోని వెన్స్‌లీడేల్‌లో విలియం పికిల్స్ అనే పల్లె డాక్టరుండేవాడు. 1929లో అక్కడ కామెర్లు ప్రబలితే, ఎవరు ఎవరిని ఎప్పుడు కలిశారో, ఎన్నాళ్లకు పడకేశారో రాసిపెట్టుకుని, జబ్బు అంటుకున్న దాదాపు నెలకు బయటపడుతుందని తేల్చాడు. ఊళ్లో ఎవరికి ఎవరు చుట్టమో తెలిసుండటమే ఆయన సరంజామా. ఆ లెక్కలన్నీ 1939లో పుస్తకంగా తెచ్చాడు.

అంతదూరం ఎందుకు, మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915లో తెరిచిన క్షయ శానటోరియం అది. రోగి మంచం దగ్గర ఆగిపోకుండా, 1950-55 మధ్య అక్కడి డాక్టరు యొహానెస్ ఫ్రిమోట్ మోలర్ బృందం చుట్టుపక్కల జనం మధ్యకే వెళ్లి, ఎక్స్‌రేలు, ట్యూబర్‌క్యులిన్ పరీక్షలు చేసింది. ఆ అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది. క్షయ గురించి చదివే డాక్టర్లకు మదనపల్లె పేరు తెలిసింది అలాగే. మా ఊళ్లవాళ్లకు మాత్రం టమాటా మార్కెట్టే తెలుసు!

మరి ఇలాంటి పని మాలాంటి ఊరి డాక్టర్లం ఎందుకు చేయం? తీరిక లేదన్నది సగం నిజం. పరిశోధన అంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఒంటరి క్లినిక్కుకు కమిటీ ఎక్కడిది? దానికన్నా పెద్ద చిక్కుముడి రోగి అంగీకారం. "మీరు అడిగితే కాదంటామా సార్" అని చదవకుండానే వేలిముద్ర వేసేస్తారు. రేపు జ్వరమొస్తే మళ్లీ నా దగ్గరికే రావాలి కదా, మొహమాటం! ఏళ్ల పరిచయం వల్లే నాకు ప్రశ్న తడుతుంది, ఆ పరిచయం వల్లే వాళ్లు కాదనలేరు. అందుకే ఆ అంగీకారం నేనడగకూడదు. మందులివ్వని మనిషెవరైనా, నేను లేనప్పుడు, వద్దన్నా వైద్యం ఆగదని చెప్పి అడగాలి. కుప్పంలో పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడి విద్యార్థి ఒకరు వారానికోసారి బస్సెక్కి వస్తే, కుర్చీ నేను వేయిస్తాను.