మండుటెండలో పనిమంతుడు

ఉత్తర కెన్యాలో మార్సబిట్ దాటి తుర్కానా సరస్సు వైపు బైకు తిప్పితే కంకర, అగ్నిపర్వతపు నల్లరాళ్లు. కొన్నిచోట్ల దారంతా రేకుల కప్పులా అలలు తేలి ఉంటుంది. ఆ అదురుకు నట్లు వదులై, స్పోకులు తెగుతాయి. అక్కడ దేవుడిలా కనబడేవాడు బైకులు బాగుచేసే ఫుండీ. స్వాహిలీలో పనిమంతుడని అర్థం. ఆరుబయట సాగే ఇలాంటి పనులకు జువా కాలి, అంటే మండుటెండ అని పేరు.

మన బజాజ్ బాక్సర్లు అక్కడ బోడబోడా టాక్సీలు. వాటి మరమ్మతులో చెయ్యి తిరిగినవాడు ఫుండీ. ట్యూబుకు ప్యాచీ వేశాక వెంటనే బిగించడు. టైరు లోపలంతా వేళ్లతో తడుముతాడు, విరిగిన తుమ్మముల్లు దొరికేదాకా. అది వదిలేస్తే కాసేపటికే మళ్లీ పంక్చరు. ఆ ఓపికే నాకు గొప్పగా తోస్తుంది.

అటు వెళ్తే ట్యూబులు, స్పోకులు మీరే తీసుకెళ్లండి. చక్రం మాత్రం అతని చేతికివ్వండి.