‘నా ఫైళ్లను ఉంచుము’ అను వాగ్దానము

కంప్యూటరు మందగించినను, వైరసు సోకినను మరమ్మతు దుకాణములో మొదట వినబడు మాట ‘ఫార్మాట్ కొట్టవలెను’ అనునదే. యంత్రమును నడిపించు మూల ప్రోగ్రామును, అనగా ఆపరేటింగ్ సిస్టమును, తుడిచివేసి మరల మొదటినుండి ఎక్కించుట అని దాని అర్థము. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగియుటతో, అంతవరకు ఈ పని జోలికి పోని గృహస్థులు సైతము దానిని తలపెట్టవలసి వచ్చినది.

ఈ పనిని బోధించు పుస్తకములను, వ్యాసములను చూచినచో ఒక వింత కనబడును. ఏ మీటను ఎప్పుడు నొక్కవలెనో, ఏ తెర తరువాత ఏ తెర వచ్చునో పుటలకొలది వివరింతురు. దానికి పూర్వము చేయవలసినదానిని మాత్రము ‘ముందుగా డేటాను బ్యాకప్ చేసికొనుడు’ అను ఒక్క వాక్యముతో ముగింతురు. ఆపరేటింగ్ సిస్టము చెడిపోయినచో మరల తెచ్చుకొనవచ్చును. చనిపోయిన తండ్రి ఛాయాచిత్రమును ఏ సంస్థయు మరల ఇవ్వజాలదు. తేలికైన పనికి పది పుటలు, దిద్దుకొనరాని పనికి ఒక పంక్తి కేటాయించుట ఈ రచనలలోని పెద్ద లోపము.

ఈ లోపమును యంత్రమే కొంత కప్పిపుచ్చుచున్నది. విండోస్ 10, 11 కూర్పులలో ‘రీసెట్’ కోరినచో రెండు మార్గములు చూపబడును: నా ఫైళ్లను ఉంచుము, అన్నింటిని తొలగింపుము. మొదటి మాట వినుటకు ఎంతో హాయిగా నుండును. కాని ‘నా ఫైళ్లు’ అనగా ఏవో నిర్ణయించునది ఫైళ్ల యజమాని కాదు, యంత్రము. డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డరులలోనివి దాని లెక్కలో వ్యక్తిగతములు. యాప్‌డేటా అను మరుగు ఫోల్డరులో ప్రోగ్రాములు దాచుకొనునవి ఆ లెక్కలోనికి రావు. థండర్‌బర్డ్ అను ఉత్తరముల ప్రోగ్రాము తాను దింపుకొనిన ఉత్తరములను దాచునది సరిగా అక్కడనే. పది సంవత్సరముల ఉత్తర ప్రత్యుత్తరములు వాటి యజమానికి వ్యక్తిగతములే. యంత్రమునకు అవి ప్రోగ్రాము తాలూకు సామగ్రి. బ్యాకప్ చేసికొనుడనిన సలహాను పాటించి డాక్యుమెంట్స్ ఫోల్డరును మాత్రము నకలు తీసికొన్నవాడును ఇక్కడ నష్టపోవును. ఆ మరుగు ఫోల్డరు సామాన్యముగా కంటికి కనబడదు.

ఈ నిర్వచనభేదము ఎంత హాని చేయగలదో 2018లో తేటతెల్లమైనది. ఆ సంవత్సరము అక్టోబరు 2న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10లో 1809 అను కూర్పును విడుదల చేసెను. అది డిస్కును తుడిచివేయు పని కాదు. ఫైళ్లను యథాతథముగా ఉంచుచు పాత కూర్పుపై క్రొత్తదానిని ఎక్కించుట మాత్రమే. ఐనను కొందరి ఫోల్డరులు, వానిలోని ఫైళ్లతో సహా, మాయమైనవి. కొలది దినములలోనే సంస్థ పంపిణీని నిలిపివేసి, సవరించిన కూర్పును నవంబరు 13న మరల విడుదల చేసెను.

కారణము చిన్నదే. సి డిస్కులో చోటు చాలనివారు డాక్యుమెంట్స్ మొదలగు ఫోల్డరులను డి డిస్కునకు మళ్లించుకొను వీలు విండోస్‌లో కలదు. మళ్లించిన పిమ్మట పాతచోట ఖాళీ ఫోల్డరు ఒకటి మిగులుచున్నదని వాడుకరులు చెప్పగా, అట్టి మిగులు ఫోల్డరులను ఊడ్చివేయు ఏర్పాటును 1809లో చేర్చిరి. ఆ ఏర్పాటు పాత ఫోల్డరును, అందులో ఏమున్నను దానితో సహా, తీసివేసినది. మళ్లించునపుడు పాత ఫైళ్లను అక్కడనే విడిచినవారు నష్టపోయిరి. వన్‌డ్రైవ్ తాలూకు ఒక పాత కూర్పు ఫోల్డరును తానే మళ్లించి, అందలి ఫైళ్లను మాత్రము కదల్చక విడిచెడిది; అట్టివారికి మళ్లింపు జరిగిన సంగతియే తెలియకపోయి ఉండవచ్చును.

నష్టము తెలిపినవారు పదివేలలో ఒకవంతు మాత్రమేనని సంస్థ ప్రకటించినది. కారణమును దాచక చెప్పుట మెచ్చదగినదే. కాని అసలు విషయము మరియొకటి. విడుదలకు ముందే పరీక్షకులలో కొందరు ఈ నష్టమును తెలియజేసిరి. ఫిర్యాదుల సంఖ్య స్వల్పమగుటచే అవి దృష్టికి రాలేదు. ఫిర్యాదుతోపాటు దాని తీవ్రతను కూడ తెలుపు వీలును సంస్థ ఆ తరువాతనే కల్పించెను. రంగు నచ్చలేదను ఫిర్యాదును, ఫైళ్లు పోయినవను ఫిర్యాదును ఒకే తూనికరాయితో తూచిన పద్ధతి అది.

యంత్రము సంగతి అట్లుండగా, మన దుకాణములలో కూర్చిన కంప్యూటర్ల వలన పాతుకొనిన అలవాటు ఒకటి కలదు. ఒకే డిస్కును సి, డి, ఇ అని భాగించి, ‘డిలో వేసికొంటిమి, భయము లేదు’ అందురు. డి వేరొక డిస్కు కాదు, ఒకే ఇంటిలోని మరియొక గది. డిస్కు చెడినచో రెండును పోవును. పైగా ఎక్కించు సమయమున సి, డి అను అక్షరములు తెరపై కనబడవు. డ్రైవు 0, పార్టిషను 3 అను రీతిని అంకెలు, పరిమాణములు వచ్చును. అక్కడ ఒక వరుస తప్పి నొక్కినచో తుడుచుకొనిపోవునది ఆ భద్రమైన డియే. పాత అయస్కాంత డిస్కులలో అట్లు పోయినదానిని కొంత వెలికితీయు ఆశ ఉండెడిది. నేటి ఎస్‌ఎస్‌డీలలో చెరిపిన చోటును ట్రిమ్ అను ఆజ్ఞ ఖాళీ చేయించుటచే ఆ ఆశయు సన్నగిల్లినది.

తెలుగు అచ్చుపనివారి చిక్కు ఇంకను సూక్ష్మమైనది. యూనికోడ్ ప్రమాణములో తెలుగు 1991లోనే చేరినను, పత్రికలు, ప్రచురణాలయములు అను ఫాంట్లతో పేజ్‌మేకరులో కూర్చిన పుస్తకములు లెక్కకు మిక్కిలి. ఈ పద్ధతిలో ఫైలు లోపల నిలువయగునది తెలుగు అక్షరము కాదు, రోమను లిపి సంకేతము. దానికి తెలుగు రూపమును తొడుగునది ఫాంటు. ఆ ఫాంటు ఉండునది విండోస్ తన సొంత ఫోల్డరులో. డిస్కు తుడిచినపుడు అది పోవును. పుస్తకము ఫైలు ఒక్క బైటు చెడకుండ బయటి డిస్కులో భద్రముగా నుండును. తెరచినచో పుటనిండ అర్థములేని ఆంగ్లాక్షరములు వచ్చును. ఫాంటును, దానిని ఎక్కించు ప్రోగ్రామును, వీలైనచో యూనికోడునకు మార్చిన ఒక ప్రతిని కలిపి దాచనిచో, ఆ బ్యాకప్ పేరునకే బ్యాకప్.

వన్‌డ్రైవులో ఉచితముగా లభించు చోటు 5 జీబీ మాత్రమే. వీడియోలు గల ఇంటికి అది ఏ మూలకు? గుప్తీకరించిన డిస్కునకు కావలసిన 48 అంకెల బిట్‌లాకర్ తాళమును ముందే కాగితముపై వ్రాసికొనవలెనని ఎన్ని పుస్తకములు చెప్పుచున్నవి? తీసిన నకలును వేరొక కంప్యూటరులో తెరచి చూచిన పిమ్మటనే పాతదానిని తుడువుడని ఎన్ని చెప్పుచున్నవి?

నిజమునకు ‘రీసెట్’ తెరలో ఒక పట్టిక ఉన్నది. ఏయే ప్రోగ్రాములు తొలగునో అది ముందే చూపును. పని ముగిసిన తరువాత తొలగిన ప్రోగ్రాముల జాబితాను డెస్క్‌టాపుపై ఉంచును. అవి అన్నియు మరల తెచ్చుకొనదగినవి. ఏ ఫోల్డరులోని ఎన్ని ఫైళ్లు మిగులును, ఎన్ని పోవును అను పట్టికను మాత్రము ఆ తెర ఇవ్వదు.