చెట్టు కింద ఎండపొడ

అడవి బొమ్మలో భావమంతా రంగు తెస్తుందని చాలామంది నమ్మకం. బంగారు వన్నె పూస్తే సాయంత్రం, నీలం ఎక్కువైతే దిగులు. నాకు మాత్రం ఆ పని ముందుగా నేల మీది ఎండపొడే చేస్తుందనిపిస్తుంది. చెన్నైలోని మా వ్యాసర్పాడిలో అడవి లేదు, అయినా ఈ సంగతి తేల్చుకోవడానికి వీధిలో వేపచెట్టు చాలు. మిట్టమధ్యాహ్నం దాని కింద తెల్లకాగితం పరిచి చూడండి. ఆకుల సందులు వంకరటింకరగా ఉన్నా మచ్చలు గుండ్రంగానే పడతాయి. ప్రతి చిన్న సందూ సూదిబెజ్జంలా సూర్యబింబాన్ని కిందికి దింపుతుంది. పాక్షిక గ్రహణం వేళ అవే మచ్చలు నెలవంకలవుతాయి. సందు 10 మీటర్ల ఎత్తున ఉంటే మచ్చ అడ్డుకొలత సుమారు 9 సెంటీమీటర్లు. ఎత్తు పెరిగేకొద్దీ అది పెద్దదై మసకబారుతుంది. మానులు ఎంత పొడవో చెప్పడానికి కొమ్మల్ని కాగితం పైఅంచు దాకా లాగనక్కర్లేదన్నమాట. పొద్దు వాలి సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకు దిగేసరికి మచ్చ పొడవు వెడల్పుకు రెట్టింపవుతుంది. గుండ్రటి మచ్చల్లో మధ్యాహ్నపు ఉక్క ఉంటుంది, సాగిన మసక మచ్చల్లో పొద్దుగూకే వేళ బెంగ ఉంటుంది. వాటర్ కలర్‌లో ఇదంతా కాగితపు తెలుపును ఎక్కడ వదలాలన్న లెక్క. తడి కాగితం మీద నీడ రంగు వేస్తే అంచు మెత్తబడుతుంది, ఆరిన కాగితం మీద గట్టిగా నిలుస్తుంది.

చిత్రకారుడు కెమెరా కాదు, మనసులోని అడవిని వేస్తాడు అంటారు. నిజమే. ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వా 1876లో వేసిన ‘ఊయల’ చూడండి: నేల మీదా బట్టల మీదా ఎండపొడ పరిచాడు, నీడలకు నీలాలూ ఊదాలూ తన ఇష్టం వచ్చినట్టు వాడుకున్నాడు. ఆ రోజుల్లోనే అతను వేసిన మరో బొమ్మలో స్త్రీ దేహం మీది మచ్చల్ని ఆల్బర్ట్ వోల్ఫ్ అనే విమర్శకుడు కుళ్లిన మాంసమన్నాడు. రంగులో అంత స్వేచ్ఛ తీసుకున్నవాడు కూడా ఆకుల్లోంచి వెలుగు చిందే తీరును వదులుకోలేదు.

చూసేవాడు ఇవన్నీ కొలుస్తాడా, క్యాలెండర్ బొమ్మల్లోని ఏటవాలు కిరణాలు అందరికీ నచ్చుతున్నాయి కదా అన్నది మరో మాట. కొలవడు. కానీ పుట్టినప్పటి నుంచీ చెట్టునీడలో తిరిగిన కన్ను తేడా పసిగడుతుంది. చెన్నై ఉన్నది 13వ అక్షాంశం మీద; ఏప్రిల్ చివరా ఆగస్టు మూడో వారంలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. వాలు వెలుగు ఇక్కడ ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు. కిరణాలు కట్టలుగా కనబడాలంటే పొగమంచో దుమ్మో కూడా కావాలి. గిండీ నేషనల్ పార్కులోని పొట్టి ముళ్లపొదల మధ్య పైన్ అడవుల కిరణాలు దింపితే అతకవు. అక్కడి అడవి వేసేవారు ఆ చిన్నచిన్న గట్టి మచ్చలకు ముందు చోటు చూసుకుని, ఆ తర్వాతే ఆకుపచ్చ ముట్టుకోవాలి.