ఒరెగాన్ బాట: బండి కట్టించే ఆట

1971 డిసెంబరు 3న అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో ఎనిమిదో తరగతి పిల్లలు చరిత్ర పాఠం కోసం ఒక టెలిటైప్ యంత్రం చుట్టూ మూగారు. దానికి తెర లేదు. ప్రశ్నలు కాగితం చుట్ట మీద అచ్చవుతుంటే వాళ్లు జవాబులు టైపు చేశారు. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న డాన్ రావిచ్, తన మిత్రులు బిల్ హైనెమన్, పాల్ డిలెన్‌బర్గర్‌లతో కలిసి తయారుచేసిన ఆ ఆట పేరు ‘ది ఒరెగాన్ ట్రయిల్’. తరవాతి కాలంలో అది అమెరికా బడుల్లో తరాల పిల్లలతో వలస బండి తోలించింది. 2016లో వరల్డ్ వీడియో గేమ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు సంపాదించింది. ఈ ఆటలో జయించాల్సింది శత్రువును కాదు, దూరాన్ని. దాని బలమంతా అక్కడే ఉంది.

ఆ దూరం కల్పన కాదు. మిసోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ నుంచి ఒరెగాన్‌లోని విలామెట్ లోయ దాకా ఇంచుమించు 3,200 కిలోమీటర్లు. 1840ల నుంచి 1869లో ఖండాన్ని దాటే రైలు మార్గం పూర్తయ్యేదాకా ఈ బాటలో, దీని చీలికల్లో మూడు నాలుగు లక్షల మంది ప్రయాణించారు. బళ్లు లాగినవి ఎక్కువగా ఎడ్లే. సామాను నిండిన బండిలో కూర్చునే చోటుండేది కాదు, కుదుపులకు కూర్చోలేకపోయేవారు కూడా. అందుకే చాలామంది దారి పొడుగునా నడిచారు.

లెక్కల్లో దాగిన కథ

రావిచ్ 1974లో మిన్నెసోటా విద్యా కంప్యూటింగ్ సంస్థ ‘మెక్’లో చేరాక, దాచుకున్న అచ్చు ప్రతి చూసి ఆ ప్రోగ్రాం మొత్తం మళ్లీ టైపు చేశాడు. బాటసారుల డైరీలు చదివి, ఏ ప్రాంతంలో ఏ ఆపద ఎంత తరచుగా వచ్చేదో లెక్కగట్టి, ఆ లెక్కలనే ఆటలో పెట్టాడు. చరిత్రను పాఠంగా చెప్పడం మాని సంభావ్యతగా మార్చాడు. ఇలాంటి చరిత్ర ఆటల సంప్రదాయానికి పునాది అదే.

ఆ పునాది మీద ఫిలిప్ బుషార్డ్ నాయకత్వంలో 1985లో యాపిల్ టూ కంప్యూటర్ కోసం కొత్త రూపం వచ్చింది. చాలామందికి గుర్తున్న ఆట ఇదే. ముందుగా ఎవరివో తేల్చుకోవాలి. బ్యాంకరువైతే చేతిలో 1,600 డాలర్లు, వడ్రంగివైతే 800, రైతువైతే 400. అయితే ఒడ్డున పడితే రైతుకు మార్కులు మూడింతలు, వడ్రంగికి రెండింతలు. తరవాత ఏ నెలలో బయల్దేరాలో చెప్పాలి. మార్చిలో అయితే ఎడ్లకు పచ్చిక ఉండదు, జులైలో అయితే కొండల్లో మంచు పట్టుకుంటుంది. వేటలో ఎన్ని జంతువులనైనా కాల్చవచ్చు, బండి దగ్గరికి మోసుకురాగలిగేది మాత్రం వంద పౌండ్లే. అంటే 45 కిలోలు. మిగిలిన మాంసమంతా అడవి పాలు. అత్యాశ తప్పని ఆట ఎక్కడా నీతి చెప్పదు, ఆ ఒక్క అంకెను చూపించి ఊరుకుంటుంది.

నదుల దగ్గర ఈ పనితనం ఇంకా బాగా కనిపిస్తుంది. కాన్సాస్ నది ఒడ్డున బండి ఆగుతుంది. నీటి లోతెంతో, వెడల్పెంతో తెర మీద పడుతుంది. బండిని నేరుగా నీళ్లలోకి దించాలా? సందులు పూడ్చి పడవలా తేల్చాలా? డబ్బిచ్చి బల్లకట్టు ఎక్కించాలా? లేక నీరు తగ్గేదాకా ఆగాలా? ఆ లోతు ఊరికే పుట్టించిన అంకె కాదు, దారిలో కురిసిన వానకు ముడిపడి ఉంటుంది. ఆగితే తిండి తరుగుతుంది, చలికాలం దగ్గరపడుతుంది. దిగితే మనిషే పోవచ్చు. నాలుగు దారుల్లో ఏదీ పూర్తిగా తప్పు కాదు, ఏదీ ఉచితం కాదు.

బండిలోని ఐదుగురికీ పేర్లు పెట్టేది ఆటగాడే. పిల్లలు స్నేహితుల పేర్లు, తమ్ముడి పేరు పెట్టుకునేవారు. ఆ పేరు పక్కన జిగట విరేచనాలతో చనిపోయారన్న వాక్యం పడితే అది అంకెగా మిగలదు. బండి నాయకుడు చనిపోతే సమాధి రాయి మీద ఒక మాట చెక్కే వీలుండేది. అది డిస్కులో నిలిచిపోయి, మర్నాడు అదే కంప్యూటర్ దగ్గర కూర్చునే మరో పిల్లకు దారిలో ఎదురయ్యేది.

బాట ఎవరి నేల మీద?

ఇంత చక్కటి ఆటలో ఒక పెద్ద లోటుంది. అది నేలను దాదాపు ఖాళీగా చూపించింది. ఆ బాట పానీ, లకోటా, షోషోనీ, కయూస్ ప్రజల నేల మీదుగా సాగింది. చివర్లో వచ్చే విలామెట్ లోయ కలపూయా ప్రజలది. 1850 నాటి చట్టం ఒరెగాన్‌లో స్థిరపడిన తెల్ల దంపతులకు 640 ఎకరాల దాకా ఉచితంగా ఇచ్చింది. ఆటలో మార్కులుగా కనిపించే గెలుపు వెనక ఆ నేల ఉంది. ఆదివాసులు దాడులకే కాచుకుని ఉండేవారన్న నమ్మకాన్నీ చరిత్ర నిలబెట్టదు. చరిత్రకారుడు జాన్ అన్రూ లెక్క ప్రకారం 1840–60 మధ్య ఆదివాసుల చేతుల్లో 362 మంది వలసదారులు చనిపోతే, వలసదారుల చేతుల్లో 426 మంది ఆదివాసులు చనిపోయారు. నిజానికి బాటసారులకు దారి చూపింది, సరుకులు మార్చుకుంది, నదులు దాటించింది ఎన్నోసార్లు ఆదివాసులే. కలరా లాంటి జబ్బులు ఆ ఘర్షణలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ మంది వలసదారులను బలిగొన్నాయి.

కొత్త ఆటలు ఈ లోటు పూడ్చడం మొదలుపెట్టాయి. 2019లో వచ్చిన ‘వెన్ రివర్స్ వర్ ట్రయిల్స్’లో ఆటగాడు 1890లలో సొంత నేల నుంచి వెళ్లగొట్టబడిన అనిషినాబే ఆదివాసి. 2021లో గేమ్‌లాఫ్ట్ సంస్థ కొత్త ‘ఒరెగాన్ ట్రయిల్’ తెచ్చినప్పుడు ఆదివాసీ చరిత్రకారుల సలహా తీసుకుంది, ఆదివాసీ పాత్రలుగానూ ఆడే వీలు కల్పించింది.

ఇంకో అడుగు వేయాలి. ఈనాడు బండి ఆట తయారుచేసేవాళ్లు బొమ్మల హంగుకంటే ముందు పాత సమాధి రాయి చూపిన దారిని పట్టుకోవాలి. ఒక ఆటగాడి జాడ ఇంకొకరి ఆటలో మిగలడమే ఆ దారి. ముందు వెళ్లిన బండి ఎడ్లు మేసేస్తే వెనక బండికి పచ్చిక దొరకకూడదు. ముందువాళ్లు విడిదిలో నీళ్లు పాడుచేస్తే వెనకవాళ్లకు కలరా సోకాలి. వృథాగా కాల్చిన అడవిదున్నలు ఆ నేల మీద బతికేవాళ్ల కుండలో లేకుండా పోయాయని కూడా ఆటగాడికి తెలియాలి. బాట సాగిన ప్లాట్ నది లోయలో నిజంగా జరిగింది ఇదే. వేల బళ్లు నడిచినచోట పచ్చిక, వంటచెరకు, వేట జంతువులు తరిగిపోయాయి. ఆ నష్టాన్ని పానీ, లకోటా ప్రజలు భరించారు.

పాత ఆట మన నిర్ణయానికి మనచేత మూల్యం చెల్లింపజేసింది. మన నిర్ణయానికి ఇంకెవరు మూల్యం చెల్లించారో కొత్త ఆట చూపించాలి. హైదరాబాదులో, విశాఖలో ఆటలు తయారుచేసే మన కుర్రాళ్లు ఏ చరిత్రను ఎత్తుకున్నా, మొదటి గీత గీసేముందు ఆ నేల మీద ఎవరెవరు ఉన్నారో తెలుసుకోవాలి. వాళ్ల జీవితం కూడా లెక్కలోకి వచ్చేలా నియమాలు రాయాలి.