మా పిల్లేగా!

సోషల్ మీడియాలో ఎవరి వివరాలు వాళ్లు దాచుకుంటే చాలంటారు. నాకెందుకో ఆ సలహా సగంలోనే ఆగిపోయినట్టుంటుంది. కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవ 2018లో బయటపడ్డప్పుడు ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారం, స్నేహితుల వివరాలు కూడా లాగేసిన ఆ క్విజ్ యాప్‌ను మన దేశంలో వేసుకున్నవాళ్లు 335 మంది. వివరాలు బయటికి పోయి ఉండొచ్చన్నది సుమారు 5.62 లక్షల మందివి. యాప్ వేసుకున్నవాళ్లతో స్నేహం తప్ప వాళ్లు చేసిందేమీ లేదు. ఆ దారి ఫేస్‌బుక్ ఎప్పుడో మూసేసిందనుకోండి. అయినా కొత్త యాప్ కాంటాక్ట్స్ అడగ్గానే ‘అలో’ నొక్కేస్తాం. అందులో ప్లంబర్ నంబరుంటుంది, పిల్లల డాక్టరుగారి నంబరుంటుంది. వాళ్లనెవరడిగారు?

ఓణీల ఫంక్షన్లు చూస్తే నాకు మరీ దిగులు. పిల్ల పెద్దమనిషైన సంగతి ఒకప్పుడు పేరంటానికి పిలిచిన ఇళ్ల వరకే వెళ్లేది. ఇప్పుడు సెంటర్లో ఫ్లెక్సీ, ఇన్‌స్టాగ్రామ్‌లో రీలు. వాట్సాప్ ఆహ్వానంలో పిల్ల పూర్తి పేరు, ఇంటి అడ్రసు, మేనమామల ఫోన్ నంబర్లు. వేడుక వద్దనను (ఆ భోజనాలు నాకూ ఇష్టమే). కానీ సోమవారం ఆ పిల్ల బడికెళ్లాలి. ఆపాటికి క్లాసులో మగపిల్లలంతా రీలు చూసేసి ఉంటారు. స్టేటస్ 24 గంటల్లో పోతుందిగా అంటారు కొందరు. స్క్రీన్‌షాట్‌కి ఆ గడువేదీ?

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. 2023 నాటి డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. అదే చట్టం సొంత, ఇంటి అవసరాల జోలికి రాదు. అనుమతి ఇవ్వాల్సినవాళ్లే రీలు పెడుతుంటే ఇక అడ్డెవరు?

అందుకే ఫొటో పెట్టేముందు అందులో ఉన్నవాళ్లను అడగడం అలవాటు చేసుకున్నాను. పసిపిల్లలవైతే అసలు పెట్టను. “స్టాంపు పేపరు మీద సంతకం కూడా కావాలా అక్కా?” అని తమ్ముడు ఏడిపిస్తాడు. పెద్దవాళ్లకిది చాదస్తంగా తోస్తుంది కానీ ఈడొచ్చిన పిల్లలు నవ్వరు. మా ఆడపడుచు కూతురు తన ఓణీ ఫొటో చూసుకుని, “బావుంది. నీ దగ్గరే ఉంచుకో అత్తా, స్టేటస్‌లో వద్దు” అంది. ఎందుకని నేనడగలేదు. తీరా చూస్తే వాళ్లమ్మ స్టేటస్‌లో అప్పటికే ఉంది. తీసెయ్యమని ఫోన్ చేశాను.

“మా పిల్లేగా వదినా, అడిగేదేముంది?” అంది.